రెండో అక్షరాభ్యాసం

మా స్కూల్లో యూకేజీ గది రైస్‌మిల్లు గోడకి ఆనుకుని ఉంటుంది. గాలి ఇటు తిరిగిన రోజు పలకల మీద ఊక దుమ్ము పడుతుంది. పిల్లలు అందులో వేలు పెట్టి బొమ్మలేస్తారు, ఆ పూటకి బలపం ఖర్చు కలిసొస్తుంది. మండపేటలో ఇలాంటివాటికి ఎవరూ గొడవపడరు. మిల్లు ముందొచ్చింది, స్కూలు తర్వాతొచ్చింది, దుమ్ము ఎటు పోవాలో దానికి ఎవరూ చెప్పలేదు.

ఆ గదిలో నేను చాలా ఏళ్లుగా అఆలూ ఏబీసీడీలూ దిద్దిస్తున్నాను. ప్రతి ఏడూ జూన్‌లో కొత్తవాళ్లొస్తారు. ఏడ్చేవాళ్లు, కొరికేవాళ్లు, ఇంటికెళ్లిపోతామని సంచీ తగిలించుకుని గుమ్మంలో నిలబడేవాళ్లు. వాళ్లలో ఒకరో ఇద్దరో పుర్రచేతి వాటం వాళ్లుంటారు. వాళ్లని వెతకక్కర్లేదు, వాళ్ల పక్కన కూర్చున్నవాళ్లు ఏడుస్తారు. బెంచీకి ఇద్దరు కదా, వీడి కుడి మోచెయ్యీ వాడి ఎడమ మోచెయ్యీ మధ్యలో కలుసుకుంటాయి. "టీచర్, పొడుస్తున్నాడు" అని వీడూ, "టీచర్, వీడే పొడిచాడు" అని వాడూ. పుర్రచేతివాణ్ణి లేపి బెంచీకి ఎడమ చివర కూర్చోబెడితే సగం బాధ అక్కడితో తీరిపోతుంది. దీనికి ట్రైనింగు అక్కర్లేదు, కళ్లుంటే చాలు. అయినా ఓసారి ట్రైనింగు ఇచ్చారు. రాజమండ్రిలో ఓ హోటలు హాల్లో రోజంతా కూర్చోబెట్టి, పిల్లల్ని ప్రేమించాలని చెప్పారు. భోజనం బావుంది.

మిగతా సగం తెలుసుకోడానికి నేనే ఎడంచేత్తో రాసి చూశాను. ఒక ఆదివారం భోజనాలయ్యాక టేబులు దగ్గర కూర్చుని అఆలు దిద్దుతుంటే మా ఆయన చూశారు. ఆయన మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు వాట్సాప్ చూసుకుంటారు. నా వెనకాలే వచ్చి నిలబడ్డారు. తర్వాత చాలా మెత్తగా, ఒకసారి నవ్వు అన్నారు. ఎందుకన్నాను. నవ్వవే అన్నారు. నవ్వాను. రెండు చేతులూ పైకెత్తమన్నారు. ఎత్తాను. నాలుక బయటపెట్టమన్నారు. పక్షవాతం వస్తే ఎలా కనిపెట్టాలో ఆ పొద్దున్నే ఆయనకి ఎవరో పంపారట. నా కుడిచెయ్యి పడిపోయిందనీ, ఎవరికీ చెప్పకుండా ఎడంచేత్తో వీలునామా రాసేసుకుంటున్నాననీ అనుకున్నారు. అఆలు చూపించాక కుదుటపడ్డారు. కాగితం దగ్గరగా పెట్టుకుని చూసి, ఈ రాతతో వీలునామా రాసినా చెల్లదులే అన్నారు.

చెల్లకపోయినా నాకు పనికొచ్చింది. కుడిచేత్తో రాస్తుంటే రాసింది వెనకాల కనపడుతూ ఉంటుంది. ఎడంచేత్తో రాస్తుంటే రాసింది చెయ్యి కిందికి పోతుంది. పలకైతే మరీ ఘోరం, అక్షరం పుట్టీ పుట్టగానే అరచెయ్యి దాన్ని తుడిచేస్తుంది. అందుకే ఈ పిల్లలు మణికట్టు వంచి, చెయ్యి పైనుంచి తిప్పి, కొక్కెంలా పెట్టి రాస్తారు. చూసినవాళ్లు అదేం వంకరే అంటారు. కాగితాన్ని కొంచెం ఎడంపక్కకి జరిపి, దాని పైఅంచు కుడివైపుకి వాలేలా పెడితే ఆ వంకర దానంతటదే పోతుంది. పెన్సిలు మొనకి మరీ దగ్గరగా పట్టుకోకుండా కాస్త పైన ఒక రబ్బరుబ్యాండు చుట్టి, అక్కడ పట్టుకోమంటాను. కాపీ పుస్తకంలో దిద్దాల్సిన అక్షరం ఎప్పుడూ ఎడమ చివరే వేస్తారు, సరిగ్గా వాళ్ల చెయ్యి ఆనే చోట. వాళ్ల పుస్తకాల్లో కుడి చివర కూడా నేనో అక్షరం రాసిపెడతాను. మహా విద్యేం కాదు. పిల్ల ఎక్కడ తట్టుకుంటోందో చూసి అక్కడ రాయి తీసెయ్యడమే.

ఆ ఏడు వచ్చిన పుర్రచేతి పిల్ల మార్కెట్ వీధిలో కిరాణా కొట్టువాళ్ల మనవరాలు. ఇంటికి ఒక్కతే పిల్ల. నోరు మూతపడేది కాదు. హాజరు పిలిస్తే "ప్రెజెంట్ టీచర్" అని ఊరుకోదు, వచ్చే దారిలో ఏ ధాన్యం లారీ ఎక్కడ దిగబడిందో కూడా చెప్పి కూర్చుంటుంది. ఒకరోజు వాళ్ల కొట్లో శనగపప్పు బస్తాలో ఎలక దూరిందనీ, ఈ సంగతి ఎవరికీ చెప్పద్దని నానమ్మ మరీ మరీ చెప్పిందనీ క్లాసుకంతటికీ చెప్పింది. నేను పప్పులు ఆ కొట్లోనే కొంటాను. ఆ నెల శనగపప్పు కొనలేదు.

రాసేటప్పుడూ మాటలే. బలపం కదిలితే నోరు కదలాలి. అ రాస్తూ, ఇక్కడ పొట్ట, ఇదిగో ఇలా తిరిగింది, ఇప్పుడు తోక, అయిపోయింది పో, అని అక్షరానికి చెప్పి మరీ పంపించేది. ఎడమ చివర కూర్చోబెట్టి పలక వాల్చి ఇచ్చిన కొన్నాళ్లకే అఆలన్నీ దాటేసి మాటల్లో పడింది. పలక, ఆవు, ఉడత. ఉడత అని రాసి, ఇది మా పెరట్లోది అనేది. రాత గుండ్రంగా, ముద్దుగా ఉండేది. ఇన్నేళ్లలో ఇంత ఇష్టంగా రాసే పిల్లని చూళ్లేదంటే అతిశయోక్తి కాదు. నాకు ఆ పిల్లంటే పక్షపాతం. టీచరుకి పక్షపాతం ఉండకూడదని కూడా ఆ హోటల్లోనే చెప్పారు.

శ్రావణమాసంలో ఒక సోమవారం ఆ పిల్ల ఎడంచేతికి కట్టుతో వచ్చింది. వేళ్ల కొసల దగ్గర్నుంచి మోచేతి దాకా క్రేప్ బ్యాండేజీ, చివర పిన్ను. నా ప్రాణం ఉసూరుమంది. ఎక్కడ పడ్డావమ్మా అంటే మాట్లాడలేదు. నొప్పిగా ఉందా అంటే తల అడ్డంగా ఊపింది. ఎంత ఓర్పు ఈ పిల్లకి అనుకున్నాను. ఆ వారమంతా రాతపని పెట్టకుండా నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. ఆయాచేత అన్నం తినిపించాను. అన్నం తినేది కుడిచేత్తోనే కదా అన్న సంగతి ఆ హడావిడిలో నాకూ తట్టలేదు, ఆయాకీ తట్టలేదు. పిల్లలు ఆ కట్టు మీద తలో పువ్వూ గీశారు. పొద్దున్న ప్రేయర్లో ఆ చెయ్యి తొందరగా నయమవ్వాలని అందరిచేతా కళ్లు మూయించి దణ్ణం పెట్టించాను.

శనివారం సాయంత్రం బత్తాయిలు కొనుక్కుని వాళ్ల కొట్టుకి వెళ్లాను. నానమ్మగారు గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉన్నారు. ఆ కొట్లో అక్కడ ఆవిడ తప్ప ఎవరూ కూర్చోరు. కొడుకు సరుకు కోసం రాజమండ్రీ రావులపాలెం తిరుగుతూంటాడు, కోడలు పొట్లాలు కడుతూ ఉంటుంది, మాట మాత్రం ఆవిడది. విరిగిందా, బీటపడిందా, డాక్టరుగారేమన్నారు అని అడిగాను.

"విరగలేదండి, ఎందుకు విరుగుద్ది?" అన్నారావిడ, ఎవరికో బెల్లం తూస్తూ. "ఆ చేత్తో రాయకుండా కట్టాం."

బత్తాయిల సంచీ నా చేతిలో ఉంది. ఇవ్వాలో, తిరిగి పట్టుకుపోవాలో తెలీలేదు. ఊరందరిచేతా దణ్ణాలు పెట్టించినదాన్ని, ఒళ్లు మండిపోయింది.

ఆవిడ స్టూలు వేయించి, కూర్చోమని, జరిగింది చెప్పారు. ఆ ముందువారం శ్రావణ శుక్రవారం పొద్దున్నే బోణీ బేరం. తలస్నానం చేసి జుట్టు ముడేసుకుని ఒకావిడ వ్రతానికి పసుపూ కుంకుమా కొనుక్కోడానికి వచ్చింది. పిల్ల స్టూలెక్కి పొట్లాలందుకుని, నవ్వుతూ, ఎడంచేత్తో ఆవిడకిచ్చింది. ఆవిడ ముట్టుకోలేదు. చేతులు వెనక్కి లాక్కుని, ఏమీ అనకుండా మెట్లు దిగి ఎదురు కొట్లోకి వెళ్లిపోయింది. నానమ్మగారి మావగారి కాలంనుంచీ కొంటున్న మనిషి. ఆ రోజంతా కొట్లో ఎవరికీ ముద్ద దిగలేదట. ఈ కొట్టు రేపు ఎవరిదండీ, దానిదే కదా, కుంకం పొట్లం కూడా సరిగ్గా ఇవ్వలేని చెయ్యి పెట్టుకుని అది ఇక్కడ ఎలా కూర్చుంటుంది, అని అడిగారావిడ.

నిజానికి ఎడంచేత్తో కుంకుమ ఇస్తే నేనూ తీసుకోను. చదువుకున్నాను కాబట్టి మెట్లు దిగి వెళ్లిపోకుండా, ఈ చేత్తో ఇవ్వమ్మా అంటాను, అంతే తేడా.

ఇవ్వడం వేరు, రాయడం వేరు అని మొదలెట్టాను. ఇచ్చేది కుడిచేత్తో ఇవ్వడం నేను నేర్పిస్తాను, క్లాసులో కొట్టు ఆట ఆడించి మరీ నేర్పిస్తాను, రాసేది మాత్రం దాని చేత్తో రాయనివ్వండి అన్నాను. ఒంటికి రెండు పద్ధతులేంటండి అన్నారు. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు. పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదు అని నేనన్నాను. మన భాషలో ఇదో సుఖం, ఏ గొడవకైనా రెండు వైపులా సామెతలు సిద్ధంగా ఉంటాయి, ఎవరూ ఓడిపోరు. బెల్లం కొనడానికి వచ్చినాయన తూకం మర్చిపోయి వింటున్నాడు. కోడలు పొట్లం కడుతూ తల వంచుకుంది. ఆ అమ్మాయికి నా మాట బావుందని నాకు తెలుస్తోంది, ఆ అమ్మాయి నోరు విప్పదని కూడా తెలుస్తోంది. చివరికి రక్తం ఆడక వేళ్లు పాడవుతాయండీ అన్నాను. దానికి మాత్రం నానమ్మగారు భయపడ్డారు. ఆవిడకి మనవరాలంటే ప్రాణం, అందులో నాకెప్పుడూ అనుమానం లేదు. అక్కడికక్కడే పిల్లని పిలిచి, ఒళ్లో కూర్చోబెట్టుకుని, కట్టు తనే విప్పి, వేళ్లన్నీ ఒక్కొక్కటీ నిమిరారు. బత్తాయిలు అక్కడ పెట్టేసి వచ్చాను.

గెలిచాననుకున్నాను. సోమవారం పిల్ల వచ్చింది, కట్టు లేదు. బెంచీ ఎడమ చివర కూర్చుంది. కూర్చుని, ఎడంచెయ్యి తొడ కిందికి దోపుకుని, దాని మీద కూర్చుంది. ఎవరూ చెప్పలేదు. కట్టు లేకపోతే ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఆ పిల్లే ఆలోచించుకుంది.

పలక వాల్చి ముందు పెట్టాను. బలపం కుడిచేత్తో తీసుకుంది. అ రాయబోతే గీత ఎటో పోయింది, మళ్లీ రాయబోతే ఇంకెటో పోయింది. ఇంతకుముందు ఉడతలూ ఆవులూ రాసిన పిల్ల. కాసేపు చూసి, రాసింది ఆ చేత్తోనే తుడిచేసి, పలక బోర్లించి పెట్టేసింది. ఏడవలేదు. ఏడిస్తే ఎత్తుకుందామని చూశాను. ఇక్కడ నానమ్మ లేదు కదా, నీ ఇష్టం వచ్చిన చేత్తో రాసుకో అని చెవిలో చెప్పాను. తల ఊపింది. చెయ్యి మాత్రం తొడ కిందే ఉంది.

రాత పోయిన దారినే మాటా పోయింది. హాజరు పిలిస్తే కుడిచెయ్యి ఎత్తేది. లారీలు ఎక్కడ దిగబడ్డాయో క్లాసులో ఎవరికీ తెలిసేది కాదు. నీళ్లు కావాలంటే సీసా చూపించేది. నాకు భయమేసింది. రాత ఇవాళ కాకపోతే రేపొస్తుంది, యూకేజీలో రాయకపోతే కొంపలేం మునగవు. కానీ వాగుడుకాయ పిల్ల ఇలా నోరు కట్టేసుకుని కూర్చుంటే, దాన్ని చూస్తూ మిగతావాళ్లచేత రైములు పాడిస్తుంటే, నేనే లైన్లు మర్చిపోయేదాన్ని. ప్రిన్సిపాల్‌గారికి చెప్పాను. ఆవిడ అంతా విని, పేరెంట్స్ ఇష్టం మేడమ్, క్లాసు నిశ్శబ్దంగా ఉంటే మంచిదే కదా అన్నారు. నేను మంచినీళ్లు తాగి వచ్చేశాను.

నానమ్మగారూ చూస్తూనే ఉన్నారు. సాయంత్రాలు పిల్ల కొట్లో స్టూలు మీదే కూర్చునేది. మీ మనవరాలు కనపడట్లేదేంటండీ, ఊరెళ్లిందా అని బేరానికి వచ్చినవాళ్లు అడిగేవారట, పిల్ల ఎదురుగుండా ఉండగానే. ఆ మాట ఆవిడే నాతో అన్నారు. అని, ఆవిడకి తెలిసిన వైద్యం చెప్పారు.

ఆ పిల్లకి అక్షరాభ్యాసం పిఠాపురంలో గుళ్లో చేయించారు. బియ్యంలో మొదటి అక్షరం పంతులుగారు చెయ్యి పట్టుకుని రాయించాలి కదా. ఆయన పట్టుకునేలోపే పిల్ల ఎడంచేత్తో పసుపుకొమ్ము లాక్కుని బియ్యంలో బర్రున ఒక గీత గీసేసింది. అప్పుడు అందరూ నవ్వేశారు, ఫోటోల్లో కూడా నవ్వుతూనే ఉన్నారు. ఇప్పుడు ఆవిడకి అంతా అక్కడే తేడా కొట్టిందని తోచింది. మొదటి గీత ఎడంచేత్తో పడింది కాబట్టే చెయ్యి అటు తిరిగిపోయింది, సరస్వతికి కోపం వచ్చింది కాబట్టే మాట ఆగిపోయింది. విజయదశమినాడు మళ్లీ మొదటినుంచీ చేయిస్తాం అన్నారు. ఉడత అని రాసేసిన పిల్లకి మళ్లీ అక్షరాభ్యాసం! నేను నోరెళ్లబెట్టాను.

"ఈసారి చెయ్యి మీరు పట్టుకోవాలండి," అన్నారావిడ. "పంతులుగారికి జారిపోయింది. మీకు జారదు."

ఆ తర్వాత కూడా కుడిచేతికి రాకపోతే దసరా సెలవులయ్యాక స్కూలు మార్చేస్తామని కూడా చెప్పారు. బైపాసు దగ్గర ఒకాయన స్కూలు నడుపుతాడు, స్కేలుతో ఏ చేతినైనా దారికి తెస్తాడని పేరు. ఆయన్ని నాకు తెలుసు. ఆయన దగ్గర చదివిన పిల్లలు ఎవరైనా చెయ్యెత్తితే తల పక్కకి వంచుకుంటారు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే, వెళ్లకు, నీకెందుకు అన్నారు. నేను పట్టుకోకపోతే ఆ స్కేలాయన పట్టుకుంటాడు. పట్టుకుంటే ఆ పిల్ల నన్ను కూడా తన చెయ్యి కట్టేసినవాళ్ల జాబితాలో రాసేసుకుంటుంది. రెండూ ఇష్టం లేవు. విజయదశమి పొద్దున్న పట్టుచీర కట్టుకుని, ఎవరిమీదో తెలీని కోపంతో, ఆ ఇంటికి వెళ్లాను.

కొట్టు వెనకాలే ఇల్లు. కొట్లో ఆయుధపూజ అప్పటికే అయిపోయింది. కాటాకి పసుపు రాసి బొట్లు పెట్టారు. ఫ్రిజ్‌కీ, బిల్లు మిషన్‌కీ బొట్లు పెట్టారు. డబ్బులు స్కాన్ చేసే స్టాండుకి సరిగ్గా గళ్ల మధ్యలో పెట్టారు, ఆ రోజు అది ఎవరికీ పనిచెయ్యలేదు. హాల్లో పీట వేసి, సరస్వతి పటం పెట్టి, ముందు ఇత్తడి పళ్లెంలో బియ్యం పోశారు. పంతులుగారు చిన్నవాడు. ఆయనకి ఆ పూట ఇంకా బోలెడు ఇళ్లున్నాయి, మంత్రానికీ మంత్రానికీ మధ్య ఫోను చూసుకుంటున్నారు. పిల్ల పెద్దదే కదండీ, ఇప్పుడా అన్నారు. మొదటిది సరిగ్గా పడలేదండీ అన్నారు నానమ్మగారు. ఆయన మారుమాట్లాడకుండా సంకల్పం చెప్పడం మొదలెట్టారు.

పిల్లకి పట్టు పరికిణీ కట్టి, కాటుక పెట్టి, పీట మీద కూర్చోబెట్టారు. ఎడంచెయ్యి పరికిణీ కింద ఉంది. నేను వెనకాల కూర్చున్నాను. కోడలు ఫోనులో వీడియో తీస్తోంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురైదుగురు గోడవారగా నిలబడ్డారు. చెయ్యి ఇమ్మన్నాను. పిల్ల కుడిచెయ్యి ఇచ్చింది. అడగకుండానే, సరైన చెయ్యే ఇచ్చింది. తడిబట్టలా ఉంది ఆ చెయ్యి. ఎటు తిప్పితే అటు తిరిగింది. దాని వేళ్ల మధ్య పసుపుకొమ్ము పెట్టి, నా వేళ్లు చుట్టూ వేసి, ఓం నమః శివాయ సిద్ధం నమః అని రాయించాను. రాయించాను ఏమిటి, రాశాను. ఇన్నేళ్లుగా ఎన్ని చేతులు పట్టుకున్నానో, పట్టుకున్న చేతిలో ఎంతో కొంత ఎదురు ఉంటుంది, నేనటు లాగితే అది ఇటు లాగుతుంది. ఈ చేతిలో ఏమీ లేదు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. పట్టుచీర కొంగుతో ముక్కు తుడుచుకున్నాను, అగరొత్తుల పొగకనుకున్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. నానమ్మగారు వంగి బియ్యంలోకి చూశారు. ఆవిడ మొహం వెలిగిపోయింది. చూశారా ఎంత గుండ్రంగా రాసిందో, చెయ్యి తిరిగిందండీ అని అందరికీ చూపించారు. నేను ఏమన్నా అంటే గొడవ, అనకపోతే అబద్ధం.

"అవి టీచర్ రాశారు," అంది పిల్ల.

నెలల తర్వాత ఆ గొంతు. కొంచెం బొంగురుపోయింది. నానమ్మగారు అలాగే వంగి ఉండిపోయారు.

"నేను రాయలేదు నానమ్మా," అంది మళ్లీ. తప్పు చేసినట్టు కాదు, ఎవరినో పట్టించినట్టూ కాదు. కొట్లో పొట్లం ఎంతో అడిగితే చెప్పినట్టు చెప్పింది.

ఆవిడ నా వైపు చూశారు. అవునండీ, నా రాతే అన్నాను. ఆవిడ కింద కూర్చుని, అరచేత్తో బియ్యం చదును చేశారు. నేను రాసిందంతా పోయింది. అయితే నువ్వు రాయి అన్నారు.

పిల్ల పళ్లెంలోకి చూసింది. పరికిణీ కిందనుంచి ఎడంచెయ్యి బయటికి తీసింది. కుడిచెయ్యీ ఎత్తింది. రెండూ పళ్లెం అంచు మీద పక్కపక్కనే ఆనించి, నానమ్మ మొహంలోకి చూసింది.

"ఏ చేత్తో?" అంది.

అడిగింది నిజంగానే. చెబితే వినడానికే అడిగింది. కుడి అంటే కుడిచేత్తో రాసేది, రాకపోయినా, ఇంక ఎప్పటికీ రాకపోయినా. ఆ హాల్లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. కోడలు ఫోను దించేసింది. పంతులుగారు కూడా ఫోను దించేశారు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మాట్లాడితే ఆవిడ పంతం మీదికి వస్తారని నాకు తెలుసు.

నానమ్మగారు ఆ రెండు చేతుల్నీ చాలాసేపు చూశారు. పసుపుకొమ్ము తీసి పట్టుకున్నారు. కుడివైపు ఒకసారి వెళ్లింది ఆ చెయ్యి. ఆగింది.

"నీ చేత్తో రాయవే," అన్నారు.

పసుపుకొమ్ము ఎడంచేతిలో పెట్టారు. పెట్టి, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మొహం తిప్పుకున్నారు. సరస్వతి పటం అక్కడే ఉంది, ఏమీ కాలేదు.

పిల్ల పీట మీద జరిగి కూర్చుంది. పళ్లేన్ని రెండు చేతులా పట్టుకుని కొంచెం ఎడంపక్కకి లాక్కుంది. బియ్యంలో గీత మొదలెట్టింది, మెల్లగా. ముందు పెదాలే కదిలాయి. తర్వాత వినపడింది. ఇక్కడ పొట్ట అంటోంది. ఇలా తిరిగింది అంటోంది. ఈ బియ్యం జారిపోతోంది నానమ్మా, మన కొట్లో బియ్యమేనా, రాళ్లున్నాయి అంది. ఇరుగుపొరుగు నవ్వాపుకున్నారు. నానమ్మగారు నవ్వలేదు, ఏడుస్తున్నారు, బాహాటంగానే.

పంతులుగారు వాచీ చూసుకున్నారు. కర్పూరం వెలిగించి, హారతి పళ్లెం పట్టుకుని లేచి నిలబడ్డారు. పిల్ల తలెత్తకుండానే, ఖాళీగా ఉన్న కుడిచెయ్యి ఆయన వైపు అడ్డంగా చాపింది.

"ఆగండి," అంది. "ఇంకా అవ్వలేదు."

అందరం ఆగాం.